ఆస్పత్రి వెళ్లిపోతోంది, కోర్టు వెళ్లిపోతోంది... మరి ఆ పాత భవనాల్లో ఏం పెట్టాలి?

నయాపుల్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు (అక్కడ ఇరుక్కోని హైదరాబాదీ ఉండడు) ఒకసారి అటూ ఇటూ చూడండి. మూసీకి ఒక ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం, అవతలి ఒడ్డున హైకోర్టు. రెండిటికీ డిజైన్ ఇచ్చింది ఒకడే, విన్సెంట్ ఈష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. కాచిగూడ స్టేషన్, సిటీ కాలేజీ కూడా ఆయనవే. 1908 సెప్టెంబర్ వరదలో మూసీ పొంగి అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ఊడ్చుకుపోయింది. ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరద తర్వాత ఊరిని మళ్లీ కట్టుకునే ఊపులో హైకోర్టు 1919లో పూర్తయింది, ఆస్పత్రి 1920ల మధ్యకు తయారైంది.

వందేళ్లు తిరిగేసరికి రెండూ ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చింది. కొత్త హైకోర్టుకి రాజేంద్రనగర్‌లో 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఉస్మానియా కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న. ఇక అక్కడి నుంచి వాట్సాప్‌లో మొదలు. కూల్చేస్తారట, మ్యూజియం చేస్తారట, హోటల్‌కి ఇచ్చేస్తారట. ఇందులో ఏది నిజమవుతుందో చెప్పడానికి ఇది రాయట్లేదు. అసలు ఒక పాత భవనాన్ని ఉంచి, దాన్ని ఈ కాలం పనికి వాడుకోవడం అంటే ఏమిటి, అందులో ఏది తేలిక, ఏది కష్టం, ఎవరు దేనికి అడ్డం పడతారు, ఎందుకు పడతారు అన్నది మొదటి నుంచి చూద్దాం.

పరిరక్షణ, పునరుద్ధరణ, పునర్నిర్మాణం: మూడూ ఒకటి కాదు

పేపర్లలో ఈ మాటలన్నీ కలిపేసి వాడతారు, సగం గొడవ అక్కడే పుడుతుంది. ఉన్నది ఉన్నట్టు ఇంకా పాడవకుండా చూసుకోవడం పరిరక్షణ. కారే చోట కారకుండా చేయడం, మొలిచిన రావిమొక్క పీకడం, వాననీళ్లు పోయే గొట్టం బాగుచేయడం లాంటివి ఇందులోకి వస్తాయి. తర్వాత్తర్వాత అతికించిన రేకులు, ప్లైవుడ్ గదులు, సిమెంటు పూతలు తీసేసి భవనాన్ని దాని పాత రూపానికి తేవడం పునరుద్ధరణ. పడిపోయినదాన్ని ఫొటోలూ కొలతలూ చూసి మళ్లీ కట్టడం పునర్నిర్మాణం. మూడోదాన్ని నిపుణులు చాలామంది అంతగా ఇష్టపడరు, ఎందుకంటే చివరికి మిగిలేది పాత భవనం పోలికలున్న కొత్త భవనం.

నాలుగోది పునర్వినియోగం. అంటే ఒక పని కోసం కట్టిన భవనంలో ఇంకో పని పెట్టుకోవడం. రాజమహల్లో కాలేజీ, టౌన్‌హాల్లో మ్యూజియం, నవాబు ఇంట్లో ఆఫీసు.

ఇదేదో ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ కాదు. కట్టడాల సంరక్షణకు ప్రపంచమంతా ఆధారంగా చూపే వెనిస్ ఛార్టర్ 1964 నాటిది, అందులోనే ఈ సంగతి ఉంది. సమాజానికి పనికొచ్చే వాడుక ఉంటే కట్టడాన్ని కాపాడుకోవడం సులువవుతుంది, అలాంటి వాడుక మంచిదే, కాకపోతే దాని కోసం భవనం అమరికనీ అలంకరణనీ మార్చకూడదు అని. చదవడానికి బాగానే ఉంటుంది గానీ ఆ 'కాకపోతే' దగ్గరే అసలు కథ అంతా ఉంది. అమరిక మార్చకుండా లిఫ్టు ఎక్కడ పెడతారు? బాత్రూములు? ఏసీ గొట్టాలు? చక్రాల కుర్చీలో వచ్చే మనిషికి దారి?

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఒక ఉపాయం పాటిస్తారు. రేపు తీసేయాలంటే భవనానికి గాయం కాకుండా వచ్చేసేలా కొత్తది పెట్టాలి. గోడ తవ్వి వైరింగ్ వేసే బదులు పైనుంచి గొట్టంలో తీసుకెళ్లడం, బాత్రూములు పాత గోడల మధ్య ఇరికించకుండా వెనకాల విడిగా కట్టడం లాంటివి. చూడటానికి కొన్నిసార్లు బాగోదు, అయినా అదే నయం.

సిమెంటు పూస్తే గోడకి ఊపిరాడదు

మా తాతల నాటి ఇల్లు కోనసీమలో మండువా లోగిలి. ఇరవై ఏళ్ల కిందట గోడల పూత అక్కడక్కడా రాలుతోందని మా బాబాయి మంచి సిమెంటు తెప్పించి కింద నుంచి నడుము ఎత్తు దాకా గట్టిగా పూయించాడు. రెండేళ్లు నున్నగా ఉంది. మూడో ఏడు ఆ సిమెంటు పైఅంచు నుంచి చెమ్మ మొదలైంది, ఇదివరకు మోకాలి ఎత్తులో ఉండే తడి ఇప్పుడు ఛాతీ ఎత్తుకి ఎక్కింది. తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు పెచ్చులుగా ఊడింది. "సిమెంటులో కల్తీ ఉందిరా" అని బాబాయి ఇప్పటికీ అంటాడు. సిమెంటు అసలైనదే, గొడవంతా దాన్ని పూసిన చోట.

పాత గోడలు ఇటుకా, రాయీ, సున్నం. వాటికి అడుగున ఇప్పటి ఇళ్లకు వేసే చెమ్మ అడ్డుపట్టీ ఉండదు. నేలలో తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నపు పూతలోంచి మెల్లగా ఆవిరై పోతూ ఉంటుంది. ఎక్కేదీ పోయేదీ సరిపోతుంది. సిమెంటు పూసినప్పుడు పోయే దారి మూసుకుపోతుంది, ఎక్కే దారి మాత్రం అలాగే ఉంటుంది. తడి పైకి వెతుక్కుంటూ వెళ్తుంది, తనతో తెచ్చిన ఉప్పుని అక్కడ వదులుతుంది, ఆ ఉప్పు గడ్డకట్టేటప్పుడు ఇటుకని లోపల్నుంచి పొడి చేస్తుంది. అదీగాక సిమెంటు బిరుసు, సున్నం మెత్తన. ఎండకీ చలికీ గోడ కొద్దిగా కదిలితే సున్నం దానితో పాటు సర్దుకుంటుంది, సిమెంటు సర్దుకోదు, తనతో పాటు ఇటుక ముఖాన్ని కూడా ఊడదీసుకుని పడుతుంది.

గానుగ సున్నం, డంగుసున్నం అని పెద్దవాళ్లు అనేది ఇదే. సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చేర్చేవాళ్లు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. ఆ 'మెల్లగా' అన్నదే ఇప్పటి కాంట్రాక్టులకు గిట్టదు. సున్నాన్ని వారాల తరబడి నానబెట్టాలి, పలచగా పొర మీద పొర వేయాలి, ప్రతి పొరా ఆరాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31కి అయిపోతుంది, సున్నానికి ఆ సంగతి తెలీదు. ఈ పని తెలిసిన తాపీ మేస్త్రీలు కూడా తక్కువ. పాత భవనం పని ఖరీదు, ఆలస్యం అని అనడానికి ఒక పెద్ద కారణం ఇదే, అది అబద్ధం కూడా కాదు.

వాడుక మారితే నేల మీద బరువు మారుతుంది: ఒక గది లెక్క

ఇది మామూలుగా ఎవరూ చెప్పరు, కానీ ఏ భవనంలో ఏం పెట్టొచ్చు అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ఒక పాత రెండంతస్తుల ఇల్లుంది, పైన 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గది. 300 చదరపు అడుగులు, అంటే దాదాపు 28 చదరపు మీటర్లు. ఏ రకం వాడుకకి నేల ఎంత బరువు మోయగలగాలి అన్నదానికి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. ఇంటి గదికైతే చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. తరగతి గదికి 300. జనం నిలబడి, అటూ ఇటూ తిరిగే సభా మందిరానికి 500. పుస్తకాల బీరువాలు వరసగా పెట్టే గదికి 600, బీరువాలు మరీ ఎత్తయితే ఇంకా ఎక్కువ.

మన గదికి వేసుకుంటే ఇల్లుగా ఉన్నంత కాలం దాదాపు 5.6 టన్నులు చాలు. తరగతిగా 8.4. ఫంక్షన్ హాలుగా 14. పుస్తకాల గదిగా 16.8 టన్నులు. ఇల్లుగా ఉన్నప్పటికంటే మూడు రెట్లు! గోడ కదిలించలేదు, కిటికీ మార్చలేదు, "చక్కగా లైబ్రరీ చేద్దాం" అన్నాం, అంతే. ఆ నేల ఏమో టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి పైన సున్నపు కాంక్రీటు వేసిన మద్రాసు టెర్రస్. దూలం చివర గోడలో ఉన్న చోట చెదలు తిన్నాయో లేదో పైనుంచి చూస్తే తెలియదు.

అలాగని లైబ్రరీ పెట్టలేమని కాదు. బరువైన బీరువాలన్నీ కింద నేల మీద పెట్టి, పైన చదువుకునే బల్లలు మాత్రమే వేస్తే 300తో సరిపోతుంది, దూలాలకు కొద్దిగా బలం ఇస్తే చాలొచ్చు. లేదా గది లోపల గోడలకు తగలకుండా ఉక్కు చట్రం నిలబెట్టి బరువంతా నేరుగా నేలకు దించొచ్చు, రేపు విప్పేయొచ్చు కూడా. ముందు పని అనుకుని దానికి భవనాన్ని వంచడం ఒక పద్ధతి, ముందు భవనం ఏం మోయగలదో చూసి దానికి తగిన పని వెతకడం ఇంకో పద్ధతి. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది గానీ మన దగ్గర ఎక్కువగా జరిగేది మొదటిదే, ఎందుకంటే 'ఇక్కడ ఫలానా మ్యూజియం' అన్న ప్రకటన ముందొస్తుంది, ఇంజినీరు తర్వాతొస్తాడు.

ఏ చట్టం ఏ భవనానికి?

'హెరిటేజ్ బిల్డింగ్ కదా, ఎవరూ ముట్టుకోలేరు' అని ధైర్యంగా అనేవాళ్లని చూశాను. అంత సులువు కాదు. ఏ జాబితాలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

అన్నిటికంటే గట్టిది కేంద్రం 1958లో చేసిన చట్టం. కేంద్ర పురావస్తు శాఖ చూసుకునే చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట, రామప్ప గుడి లాంటివి దీని కిందకి వస్తాయి. 2010లో దీన్ని ఇంకా బిగించారు. కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతి ఉండాలి. ఇక్కడ వాడుక మార్చే ప్రశ్న దాదాపు రాదు, చూడటానికే తప్ప ఉండటానికి కాదు. రెండో వరసలో రాష్ట్రాల చట్టాలు. తెలంగాణకి 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉంది. మూడో వరస పట్టణాభివృద్ధి నిబంధనల్లోని జాబితాలు. మనం రోజూ చూసే నవాబుల ఇళ్లు, మార్కెట్లు, ఆస్పత్రులు, కాలేజీలు ఎక్కువగా ఈ మూడో రకం, అంటే అన్నిటికంటే బలహీనమైన గొడుగు కింద ఉన్నవి. ఆ 100 మీటర్ల నిబంధన వీటికి వర్తించదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంకో పొరపాటు ఇంటాక్ గురించి. వారసత్వ కట్టడాల కోసం 1984లో పుట్టిన ఆ స్వచ్ఛంద సంస్థ చాలా పనిచేస్తుంది, సర్వేలు చేస్తుంది, కోర్టుకెక్కేవాళ్లకి దన్నుగా ఉంటుంది, కానీ అది ప్రభుత్వ శాఖ కాదు, కూల్చొద్దని ఆదేశం ఇచ్చే అధికారం దానికి లేదు.

ఈ మూడో గొడుగు ఎంత పలచనో, అయినా ఎలా పనికొచ్చిందో చూడాలంటే ఎర్రమంజిల్ కేసు చాలు. హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద వందకు పైగా కట్టడాల జాబితా ఉండేది. 2015 చివర్లో ప్రభుత్వం ఆ నిబంధనని ఎత్తేసింది. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ని కూల్చి ఆ జాగాలో కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది, భూమిపూజ కూడా అయిపోయింది. ప్రభుత్వ వాదన సూటిగానే ఉంది: జాబితా రద్దయింది కాబట్టి ఇది ఇప్పుడు మామూలు భవనం, పైగా శిథిలమైంది. కోర్టుకెళ్లిన వాళ్ల వాదన ఏమిటంటే నిబంధన ఎత్తేసినంత మాత్రాన అప్పటికే దొరికిన రక్షణ పోదు. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం నిలిచింది. అయితే ఒకటి గమనించాలి. కోర్టు కూల్చొద్దని మాత్రమే చెప్పగలదు, పైకప్పుకి సున్నం వేయించలేదు, లోపల ఏం పెట్టాలో తేల్చలేదు. కేసు గెలిచాక అసలు పని మొదలవ్వాలి, చాలా భవనాల విషయంలో అది మొదలవ్వదు.

ఇప్పటికే వాడుక మారినవి ఎలా ఉన్నాయి?

ఫలక్‌నుమా, చౌమహల్లా పక్కపక్కన పెట్టి చూస్తే చాలా అర్థమవుతుంది. రెండూ నిజాం కుటుంబం చేతిలో ఉన్నవే, రెండిటినీ ఎంతో కాలం నిర్లక్ష్యం చేశాక దాదాపు ఒకే రోజుల్లో బాగుచేశారు. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన వికారుల్ ఉమ్రా 1893 నాటికి కట్టించిన ఫలక్‌నుమా 2010లో తాజ్ హోటల్ అయింది. చౌమహల్లా మ్యూజియం అయింది, అదే ఏడు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా అందుకుంది. చౌమహల్లాకి ఆదివారం వెళ్లండి, టిఫిన్ బాక్సులతో కుటుంబాలు, సెల్ఫీలు, ఖిల్వత్ దర్బారులో స్కూలు పిల్లల గోల. ఫలక్‌నుమా మెట్ల మీద ఒక్క గీత కూడా ఉండదు, షాండ్లియర్లు తళతళలాడతాయి, కానీ ఆ కొండ కింద బస్తీలో పుట్టి పెరిగిన వాళ్లలో లోపల అడుగుపెట్టిన వాళ్లు ఎంతమంది ఉంటారంటారు? హోటల్ తప్పు అనను, అంత పెద్ద భవనాన్ని అంత బాగా చూసుకోవాలంటే అలాంటి రాబడే కావాలేమో. కాకపోతే 'కాపాడాం' అన్నప్పుడు ఎవరి కోసం అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది.

ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రాదే బేగంపేటలోని 'పైగా' ప్యాలెస్ ('పైగా' అన్నది ఆయన వంశం పేరు). అది పట్టణాభివృద్ధి సంస్థ ఆఫీసుగా ఉండి, 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్‌గా పనిచేసింది. వీసా ఇంటర్వ్యూకి చేతులు చెమటలు పట్టి లైన్లో నిలబడ్డ మన వాళ్లలో ఎంతమంది తలెత్తి ఆ కమానులు చూశారో తెలీదు!

నాకు బాగా నచ్చేది మొజంజాహీ మార్కెట్. 1935లో గ్రానైటు రాయితో కట్టింది, మార్కెట్‌గా కట్టింది, ఇప్పటికీ మార్కెట్టే. రేకుల పందిళ్లు, అడ్డదిడ్డం బోర్డులు, వైర్ల చిక్కు తీసేసి బాగుచేసి 2020 ఆగస్టులో తెరిచారు. పాత దుకాణాలు పోలేదు. ఐస్‌క్రీం కోసం మా చిన్నప్పుడు నిలబడ్డ చోటే ఇప్పటి పిల్లలు నిలబడుతున్నారు. ఇలా వాడుక కొనసాగడం అన్నిటికంటే తేలికైన దారి. ఈష్ కట్టిన కాచిగూడ స్టేషన్ కూడా అంతే, 1916 నుంచి రైళ్లు వస్తూనే ఉన్నాయి.

బన్సీలాల్‌పేట మెట్లబావిది వేరే దారి. దశాబ్దాల తరబడి చెత్తకుండీగా మారి బావి ఉందన్న సంగతే మరిచిపోయిన చోట, చెత్తంతా తోడి, మెట్లు బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. ఇప్పుడెవరూ అందులో తాగునీళ్లు తోడుకోరు, అయినా బస్తీకి కూర్చోడానికి, పండగ చేసుకోడానికి ఒక చోటు దొరికింది, వాననీళ్లు భూమిలోకి ఇంకడానికి దారి కూడా.

ఆంధ్ర వైపు విజయవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ హాలు ఉంది. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిందని 1887లో పునాది వేశారు. అదే ఆవరణలో 1921లో గాంధీజీకి పింగళి వెంకయ్య జెండా నమూనా చూపించారు. రాణి గారి పేరున కట్టిన హాలు స్వరాజ్య జెండాకి వేదికయింది, 1962 నుంచి మ్యూజియమైంది, 2020 అక్టోబర్ 1న బాపు మ్యూజియంగా కొత్త హంగులతో మళ్లీ తెరుచుకుంది. ఇక్కడ భవనం అమరిక కూడా కలిసొచ్చింది. పెద్ద హాలు, గోడలెక్కువ, గదులు తక్కువ, బొమ్మలు పెట్టడానికి సరిగ్గా సరిపోతుంది.

అన్నీ ఇలా కుదరవు. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ (నిజాం కాలంలో బ్రిటిష్ ప్రతినిధి ఉన్న భవనం) 1949లో మహిళా కాలేజీ అయింది. ఎన్ని వేల మంది ఆడపిల్లలు ఆ భవనంలో చదువుకున్నారో! ఆ చదువే దాన్ని ఇన్నేళ్లు ఎవరూ కూల్చకుండా కాపాడింది, ఆ రద్దీయే దాన్ని అరగదీసింది కూడా. చివరికి తరగతులు ఆవరణలోని వేరే భవనాలకు మారాయి, తర్వాత చాలా ఏళ్ల పాటు మరమ్మతులు నడిచాయి.

ఖర్చు ఎవరిది: ఊహించుకున్న ఒక టౌన్‌హాలు

ఒక జిల్లా కేంద్రంలో వందేళ్ల టౌన్‌హాలు ఉందనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు. బాగుచేయడానికి కోటి రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది, రిబ్బన్ కట్ అయింది. ఆ తర్వాత? వాచ్‌మన్, కరెంటు, ఊడ్చేవాళ్లు, ఏటా వానల ముందు పైకప్పు పని, అన్నీ కలిపి నెలకి 40 వేలు. హాలు రోజుకి 2 వేల చొప్పున నెలలో పది రోజులు అద్దెకి పోయింది, 20 వేలు. ఇంకో 20 వేలు లోటు. ఆ లోటు ఎక్కడ పూడ్చుకుంటారో ఊహించడం కష్టం కాదు, పైకప్పు పని వాయిదా పడుతుంది.

అద్దె రోజుకి 5 వేలు చేస్తే 50 వేలు వస్తాయి, లోటు తీరుతుంది. కానీ నాటకాల సమాజం, సాహిత్య సభ, పెన్షనర్ల సంఘం ఆ రేటు ఇచ్చుకోలేవు. పుట్టినరోజులు, చీరల ఎగ్జిబిషన్ సేల్ వస్తాయి. ఊరి కోసం అని బాగుచేసిన హాల్లో ఊరి వాళ్లు మిగలరు. మధ్యే మార్గంగా వరండాలో ఒక చివర కాఫీ హోటల్‌కి 15 వేలకి ఇచ్చి, హాలు అద్దె కొద్దిగా మాత్రం పెంచొచ్చు. అప్పుడు వంట పొగ, గ్యాస్ సిలిండర్లు, ఫైర్ అనుమతి అన్న ఇంకో తలనొప్పి మొదలవుతుంది.

సొంతదారుల బాధ ఇంకోటి. వీళ్లని ఊరికే దురాశపరులు అనేయడం తేలిక. పక్కింటాయన ఐదంతస్తులు లేపి ఫ్లాట్లు అమ్ముకున్నాడు, వీళ్ల ఇల్లు జాబితాలో ఉంది కాబట్టి ఒక్క అంతస్తుతో కూర్చోవాలి, మరమ్మతు ఖర్చు కూడా వీళ్లదే, పైగా అన్నదమ్ముల వాటాలు తేలలేదు. దీనికో పరిష్కారంగా టీడీఆర్ అని ఉంది. మీ జాగాలో కట్టుకోలేకపోయిన ఆ నాలుగంతస్తుల హక్కుని పత్రంగా ఇస్తారు, దాన్ని వేరేచోట కట్టే బిల్డరుకి అమ్ముకోవచ్చు. ముంబైలో పాత కట్టడాలకి ఈ పద్ధతి వాడారు. మన దగ్గర టీడీఆర్ అంటే రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి ఇచ్చే కాగితంగానే ఎక్కువమందికి తెలుసు.

కూల్చాలనేవాళ్లు చెప్పేదీ వినాలి

ఉస్మానియా గురించి దూరం నుంచి 'వారసత్వం' అనడం తేలిక. 2020 జులైలో వానలకి వార్డులోకి నీళ్లొచ్చి, మంచాల మీద రోగులు, కింద మురుగునీళ్లు ఉన్న వీడియోలు అందరం చూశాం. ఆ నెలలోనే పాత భవనం ఖాళీ చేయించారు, ఆస్పత్రి అదే ఆవరణలోని వేరే బ్లాకుల్లో నడుస్తూ వచ్చింది. అక్కడ పనిచేసే డాక్టర్లు, నర్సులు కొత్త భవనం అడిగారంటే అడగరా మరి. ఇప్పటి ఆస్పత్రికి ఆక్సిజన్ లైన్లు కావాలి, స్ట్రెచర్ పట్టే లిఫ్టులు, ఇన్‌ఫెక్షన్ పాకకుండా గాలి విడివిడిగా తిరిగే ఏర్పాటు, టన్నుల బరువుండే స్కానింగ్ మిషన్లు కావాలి. ఎత్తైన కప్పులూ పొడవాటి వరండాలూ ఫ్యాన్లు అంతగా లేని కాలంలో గాలాడటానికి పెట్టినవి. అవతల ఇంటాక్, ఇతర సంఘాలు భవనం నిర్మాణపరంగా గట్టిగానే ఉంది, మరమ్మతు చేసి వాడుకోవచ్చు అన్నాయి. నా లెక్కన ఇద్దరూ ఒకేసారి నిజం చెప్పి ఉండొచ్చు. భవనం గట్టిది, అందులో ఈ కాలపు పెద్దాస్పత్రి పట్టదు. 'ఆస్పత్రికి పనికిరాదు' నుంచి 'దేనికీ పనికిరాదు' దాకా మాట జారిపోవడంతోనే ఇన్నేళ్ల గొడవ.

కొత్తది ఎక్కడో ఖాళీ స్థలంలో కట్టుకుంటే గొడవే లేదనుకుంటాం. గోషామహల్ వాళ్లనడగండి. కొత్త ఆస్పత్రికి ఇచ్చిన స్టేడియమే ఆ చుట్టుపక్కల మిగిలిన కాస్త మైదానం, అది పోతుందని అక్కడివాళ్లు రోడ్డెక్కారు. వరంగల్‌లో ఉల్టా జరిగింది, 2021లో నిజాం కాలపు సెంట్రల్ జైలుని కూల్చేసి ఆ జాగాలో పెద్దాస్పత్రి మొదలుపెట్టారు. జైలు గురించి కంటతడి పెట్టినవాళ్లు తక్కువే. ఏ భవనం మీద ఊరికి మమకారం ఉంటుంది, దేని మీద ఉండదు అన్నది కూడా వయసుతో, అందంతో తేలేది కాదు.

నిజాముల కట్టడాలు, తెల్లవాళ్ల కట్టడాలు మనమెందుకు మోయాలి అనేవాళ్లూ ఉన్నారు. దానికి నా దగ్గర పెద్ద సమాధానం లేదు. ఆ గోడలు మోసిన వడ్డెరలు, తాపీవాళ్లు మనవాళ్లే అని మాత్రం అనిపిస్తుంది.

ఖాళీ అయ్యే రోజుకీ మళ్లీ తెరిచే రోజుకీ మధ్య

మళ్లీ నయాపుల్ దగ్గరికొస్తే, రెండు భవనాల పరిస్థితి ఒకటి కాదు. హైకోర్టు ఇప్పటికీ రోజూ వాడుకలో ఉంది. కోర్టు హాళ్లు జనం నిండే గదులుగానే కట్టారు కాబట్టి, ఇంజినీరు ఔనంటే, రేపు అందులో ఇంకో కోర్టో, సభా మందిరమో, ప్రదర్శనశాలో పెట్టడం తక్కువ మార్పుతో అయ్యే పని. 2009లో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది కాబట్టి కరెంటు వైర్ల సంగతి మాత్రం మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఉస్మానియా పాత భవనంలో వార్డులు పొడవాటి హాళ్లు. ప్రదర్శనలకో, శిక్షణ తరగతులకో, బరువు లేని ఓపీ సేవలకో సరిపోవచ్చు. పక్కనే మూసీ ఉంది కాబట్టి అడుగు అంతస్తులో ఖరీదైనవేవీ పెట్టకపోవడం మేలు.

అసలు ప్రమాదం ఏం పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చునే కాలంలో ఉంది. నౌబత్ పహాడ్ మీద హిల్‌ఫోర్ట్ ప్యాలెస్, నవాబు నిజామత్ జంగ్ 1915లో కట్టించుకున్నది, తర్వాత చాలా ఏళ్లు రిట్జ్ హోటల్. 1990ల్లో హోటల్ మూతపడ్డాక పిటిషన్లు, ప్రతిపాదనలు వస్తూ పోతూ ఉన్నాయి, ఆలోగా భవనం కళ్లముందే పాడైపోయింది. మనుషులున్న భవనంలో చుక్క కారితే సాయంత్రానికి ఎవరో ఒకరు తిడతారు, బకెట్ పెడతారు, మేస్త్రీని పిలుస్తారు. ఖాళీ భవనంలో అదే చుక్క నాలుగేళ్లు కారుతుంది. పావురాలు చేరతాయి, వాననీటి గొట్టాలు వాటి రెట్టతో మూసుకుపోతాయి, కప్పు మీద నీళ్లు నిలుస్తాయి, పిట్ట వేసిన రావి విత్తనం పగులులో మొలుస్తుంది. వేలెడంత ఉన్నప్పుడు రావిమొక్కని చేత్తో పీకేయొచ్చు. వేరు గోడలోకి దిగాక పీకితే గోడే వస్తుంది.

ఉస్మానియా పాత భవనం 2020 జులైలో మూతపడింది, అప్పటి నుంచి ఎన్ని వానాకాలాలు వెళ్లాయో మీరే లెక్కేసుకోండి.